ఇల్లు మారేటప్పుడు ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఏసీ ఎందుకు పాడవుతాయి?

కొత్త ఇంట్లో సామాన్లు దిగిన రెండు మూడు రోజులకు చాలామంది నోట ఒకటే మాట వినిపిస్తుంది: "అక్కడ బ్రహ్మాండంగా పనిచేసింది, ఇక్కడికొచ్చాకే ఇలా అయింది." ఫ్రిజ్ మోగుతూనే ఉంటుంది గానీ చల్లబడదు. వాషింగ్ మెషీన్ స్పిన్‌కి రాగానే గదంతా అదిరేలా కొట్టుకుంటుంది. ఏసీలోంచి గాలి వస్తుంది, చలి రాదు. పైకి చూస్తే చిన్న సొట్ట కూడా ఉండదు. మోసినవాళ్లు ఎక్కడో పడేసి ఉంటారని అనుమానం మొదలవుతుంది. చాలాసార్లు పాపం వాళ్లది కాదు. యంత్రం వాళ్ల చేతికి అందేసరికే తప్పు జరిగిపోయి ఉంటుంది. లేదంటే వాళ్లు దించి వెళ్లిపోయాక, తొందరపడి స్విచ్ వేసినప్పుడు జరుగుతుంది.

బీరువాను మోయడం వేరు, ఫ్రిజ్‌ను మోయడం వేరు. బీరువాకు తలుపులు తెరుచుకోకుండా కడితే చాలు. ఫ్రిజ్ లోపల నూనె ఉంది, గ్యాస్ ఉంది, స్ప్రింగుల మీద కూర్చున్న మోటారు ఉంది, అడుగున ఎక్కడో పళ్లెంలో నీళ్లున్నాయి. వాషింగ్ మెషీన్‌లో అయితే డ్రమ్ముకు డ్రమ్మే వేలాడుతూ ఉంటుంది. ఇంట్లోని పెద్ద యంత్రాల్లో చాలావాటి లోపల పారేదో ఊగేదో ఏదో ఒకటి ఉంటుంది. యంత్రం నిటారుగా ఒకచోట నిలబడి ఉన్నంతకాలం అవి తమ చోట తాముంటాయి. వంచినా కుదిపినా చోటు మారతాయి. అందుకే బయట బబుల్ ర్యాప్ చుట్టడానికి ముందు చేయాల్సిన పని వేరే ఉంది. లోపల పారేదాన్ని ఖాళీ చేయాలి, ఊగేదాన్ని బిగించాలి. ఏ యంత్రం దగ్గర నిలబడినా "ఇందులో పారేదేంటి, ఊగేదేంటి" అని అడిగితే సగం పని తెలిసిపోతుంది.

ఇందులో డబ్బు కోణం కూడా ఉంది. వారంటీ సాధారణంగా రవాణాలో జరిగిన నష్టానికి వర్తించదు. సామాన్లకు ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ చేయించినా, బయట దెబ్బ తగిలిన ఆనవాలు లేకుండా లోపల పనిచేయకపోతే చాలా పాలసీలు చెల్లించవు. ఇల్లు మారేటప్పుడు యంత్రాలకు ఎక్కువగా వచ్చేది ఇలా బయటికి కనిపించని నష్టమే. ప్యాకింగ్‌కు ముందు ప్రతి యంత్రాన్నీ నడుస్తుండగా ఒక చిన్న వీడియో, సీరియల్ నంబర్ ఉన్న స్టిక్కర్‌ను ఒక ఫొటో తీసి ఉంచుకోవడం మంచిదే. కానీ దానితో డబ్బు వస్తుందన్న ధీమా అక్కర్లేదు. ముందు జాగ్రత్తే అసలు ఇన్సూరెన్స్.

ఫ్రిజ్: తొందరే శత్రువు

ఫ్రిజ్ వెనక అడుగు భాగంలో నల్లటి ఇనప కుండ లాంటిది కనిపిస్తుంది. అదే కంప్రెసర్, అంటే గ్యాస్‌ను నొక్కి గొట్టాల్లో తిప్పేది. ఫ్యాక్టరీలోనే దాన్ని వెల్డింగ్ చేసి మూసేస్తారు. లోపల మోటారు, దానితో కలిసి ఒక చిన్న పంపు స్ప్రింగుల మీద కూర్చుని ఉంటాయి. కుండ అడుగున కొంత నూనె ఉంటుంది. మోటారు తిరుగుతుంటే ఆ నూనె పైకి లేచి బేరింగులను తడుపుతుంది. కుండలోంచి బయటికి గొట్టాలు వెళ్తాయి. ఫ్రిజ్‌ను పడుకోబెడితే నూనె పక్కకు వాలి ఆ గొట్టాల్లోకి జారుతుంది. పడుకోబెట్టిన స్థితిలోనే లారీ గతుకుల్లో ఎగిరెగిరి పడితే మోటారు స్ప్రింగుల మీంచి పక్కకు జరిగే ప్రమాదం కూడా ఉంది. అలా జరిగితే ఆ తర్వాత స్విచ్ వేసిన ప్రతిసారీ లోపల ఇనుము ఇనుమును కొట్టుకుంటున్న చప్పుడు వస్తుంది.

జారిన నూనె మళ్లీ దిగేదాకా ఆగితే పెద్దగా నష్టం లేదు. ఆగకుండా స్విచ్ వేస్తేనే నష్టం. గ్యాస్‌ను నొక్కితే కుంచించుకుపోతుంది, నూనె కుంచించుకుపోదు. పంపులోకి గ్యాస్‌కు బదులు నూనె వస్తే వాల్వుల్లో ఉండే పల్చటి ఉక్కు రేకులు ఆ ఒత్తిడికి విరగవచ్చు. అదే సమయంలో కుండ అడుగున ఉండాల్సిన నూనె తగ్గి బేరింగులు ఎండిపోతాయి. ఇక చల్లదనం పుట్టించే దారిలో కాపిలరీ అనే సన్నటి గొట్టం ఉంటుంది. దాని రంధ్రం ఒక మిల్లీమీటరు కన్నా చిన్నది. నూనె వెళ్లి అక్కడ అడ్డం పడిందంటే ఫ్రిజ్ మోగుతూనే ఉంటుంది గానీ చల్లబడదు. "గ్యాస్ అయిపోయింది" అని తేల్చేసే వాటిలో కొన్ని నిజానికి ఈ కేసులే.

ఎంతసేపు ఆగాలి అన్నదానికి అన్ని కంపెనీల మాన్యువళ్లలో ఒకే అంకె ఉండదు. నిలబెట్టే తెచ్చిన ఫ్రిజ్‌ను రెండు మూడు గంటలు వదిలేయడం, పడుకోబెట్టి తెస్తే కనీసం పడుకున్నంతసేపు నిలబెట్టి ఉంచడం, దూర ప్రయాణమైతే పూర్తిగా 24 గంటలు ఆగడం పనికొచ్చే లెక్క. మాన్యువల్‌లో ఇంతకన్నా ఎక్కువ రాసి ఉంటే దాన్నే పాటించాలి. అసలు పడుకోబెట్టకపోవడమే ఉత్తమం. మెట్ల మీద కొంచెం వాల్చక తప్పదు. అప్పుడు కూడా 45 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే నూనె పెద్దగా కదలదు. వేరే దారే లేక పడుకోబెట్టాల్సి వస్తే పక్కకు పడుకోబెట్టాలి. వీపు మీద గానీ తలుపు మీద గానీ కాదు. ఏ పక్కకో మాన్యువల్‌లో చూసుకోవాలి.

నూనె తర్వాత నీళ్లు. ఫ్రీజర్‌లో మంచు పేరుకునే రకం ఫ్రిజ్ అయితే ఆ మంచు కనిపిస్తుంది కాబట్టి గుర్తుంటుంది. ఫ్రాస్ట్ ఫ్రీ రకంతోనే చిక్కు. మంచు కనిపించదు కాబట్టి లేదనుకుంటారు. ఫ్రీజర్ వెనక గోడ చాటున ఉండే కాయిల్ మీద అది ఉంటుంది. కరిగిన నీళ్లు చిన్న గొట్టం గుండా దిగి కంప్రెసర్ పైన ఉండే ప్లాస్టిక్ పళ్లెంలో చేరతాయి. మామూలు రోజుల్లో కంప్రెసర్ వేడికి ఆ నీళ్లు ఆవిరైపోతాయి. ఇల్లు మారే రోజు పొద్దున స్విచ్ తీసేసి లారీ ఎక్కిస్తే మంచు దారిలో కరుగుతుంది, ఆరబెట్టే వేడి ఉండదు, పళ్లెం వొలికి పక్కనే ఉన్న కరెంటు కనెక్షన్ల మీద పడుతుంది. కాబట్టి ఏ రకం ఫ్రిజ్ అయినా ముందు రోజే ఆపేసి, తలుపులు తెరిచి, కింద పాత బట్టలు పరిచి వదిలేయాలి. బయల్దేరేముందు వెనకకు వెళ్లి పళ్లెం ఖాళీ చేయాలి. ఆ పళ్లెం ఎలా ఉంటుందో చాలా ఇళ్లలో ఆ రోజే మొదటిసారి చూస్తారు. పురుగుల కాపురం బయటపడేదీ అక్కడే. ఎప్పుడూ వెచ్చగా ఉండే కంప్రెసర్ చుట్టూ బొద్దింకలు చేరడం మామూలే. అక్కడ దులపకపోతే అవి కూడా సామాన్లతో పాటు కొత్త ఇంటికి వస్తాయి.

మంచు త్వరగా పోవాలని కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో గీకడం ఫ్రిజ్‌కు జరిగే పెద్ద అన్యాయం. ఫ్రీజర్ గోడల్లో గ్యాస్ పారే దారులు చాలా మోడళ్లలో పల్చటి అల్యూమినియంవి. చిన్న గాటు పడినా గ్యాస్ మొత్తం పోతుంది, అతుకు వేయడం కష్టం. పైగా ఈ మధ్య వచ్చే ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఆర్600ఏ, అంటే ఐసోబ్యూటేన్. ఒక ఫ్రిజ్‌లో ఉండేది కొన్ని పదుల గ్రాములే అయినా అది మండే గ్యాస్. లోపల ఒక గిన్నెలో వేడినీళ్లు పెట్టి తలుపు వేసి ఉంచితే మంచు దానంతటదే ఊడి వస్తుంది.

గాజు అరలు, కూరగాయల డబ్బాలు తీసి వేరుగా దుప్పట్లలో చుట్టాలి. అవి లోపలే ఉంటే ప్రతి గతుకుకీ ఎగిరి గోడలను కొడతాయి. టేప్‌ను నేరుగా తలుపు రంగు మీద అంటించకూడదు. ముందు పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టి దాని మీద వేసుకోవాలి. తాడుతో కట్టేటప్పుడు ఇంకో సంగతి గుర్తుండాలి. ఇప్పటి ఫ్రిజ్‌లలో వెనక జాలీ కనిపించదు. వేడిని వదిలే గొట్టాలు చాలావాటిలో రెండు పక్కల రేకుల కిందే ఉంటాయి. ఫ్రిజ్ పక్కలు వెచ్చగా తగలడానికి కారణం అదే. సన్నటి తాడును అక్కడ బిగించి కడితే రేకు సొట్ట పడి లోపలి గొట్టం నొక్కుకుపోవచ్చు. వెడల్పాటి బెల్టు, దాని కింద మందపాటి దుప్పటి ఉండాలి. ఇల్లు ఇంకా సిద్ధం కాక వారమో పదిరోజులో ఎక్కడైనా ఉంచాల్సి వస్తే తలుపు సందులో మడిచిన బట్ట పెట్టి కొంచెం తెరిచి ఉంచాలి, లేకపోతే లోపల బూజు పట్టి ఆ వాసన ఒక పట్టాన వదలదు. చిన్నపిల్లలు తిరిగే చోటైతే ఆ తలుపు ఇంకా తెరుచుకోకుండా, మూసుకోకుండా కట్టి ఉంచాలి.

వాషింగ్ మెషీన్‌లో వేలాడే బరువు

ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌ను ఒక్కసారి మోసినవాళ్లు అంత బరువెందుకో అడుగుతారు. మెషీన్ 60 నుంచి 80 కిలోల దాకా ఉంటుంది, అందులో చెప్పుకోదగ్గ భాగం కాంక్రీటు లేదా పోత ఇనుము. అది పొదుపు కోసం పెట్టిందీ కాదు, మోసమూ కాదు. స్పిన్‌లో డ్రమ్ము నిమిషానికి 1,000 సార్లకు పైగా తిరుగుతుంది. తడిబట్టలు ఒకవైపు పోగుపడితే మెషీన్ ఎగిరిపడకుండా అంత బరువును టబ్బుకు, అంటే డ్రమ్ము చుట్టూ ఉండే తొట్టికి బిగిస్తారు. ఈ మొత్తం, అంటే టబ్బు, డ్రమ్ము, మోటారు, కాంక్రీటు దిమ్మలు, పైనుంచి రెండు స్ప్రింగులతో వేలాడుతూ కింద షాక్ అబ్జార్బర్ల మీద ఆని ఉంటుంది. ఉతికేటప్పుడు ఈ ఊగే గుణం వరమైతే, లారీలో శాపం అవుతుంది. ప్రతి గతుకుకీ ఆ బరువంతా అటూ ఇటూ ఊగి స్ప్రింగులను సాగదీస్తుంది, షాక్ అబ్జార్బర్లను వంచుతుంది, బయటి రేకును లోపలి నుంచి కొడుతుంది.

అందుకే కొత్త మెషీన్ ఇంటికి వచ్చినప్పుడు వెనకవైపు మూడో నాలుగో పొడుగాటి బోల్టులు ఉంటాయి. ట్రాన్సిట్ బోల్టులు అంటే అవే. అవి టబ్బును బయటి బాడీకి బిగించి కదలకుండా పట్టుకుంటాయి. బిగించడానికి వచ్చిన మెకానిక్ వాటిని తీసి చేతిలో పెడతాడు. అవి వంటింటి సొరుగులో కొన్నాళ్లు దొర్లి, ఒకరోజు పాత సామానుతో పాటు వెళ్లిపోతాయి. ఇల్లు మారే ముందు వాటి కోసం వెతకడం ప్రతి ఇంట్లో జరిగే తంతే. దొరకకపోతే మోడల్ నంబర్ చెప్పి స్పేర్ పార్టుగా తెప్పించుకోవచ్చు. వాటికి పట్టే సమయం దృష్ట్యా రెండు మూడు వారాల ముందే చూసుకోవాలి. పొడుగు, మందం మోడల్‌ను బట్టి మారతాయి కాబట్టి ఏదో ఒక బోల్టు దూర్చడం కుదరదు.

బోల్టులు లేనప్పుడు చాలామంది చేసే పని డ్రమ్ములో దుప్పట్లు, దిండ్లు కుక్కడం. చూడటానికి తెలివైన ఉపాయంలా ఉంటుంది. ఫలితం మాత్రం తిరగబడుతుంది. డ్రమ్ము లోపల ఎంత కుక్కినా అది డ్రమ్ముతో పాటే ఊగుతుంది. పైగా ఊగే బరువు ఇంకా పెరుగుతుంది. అడ్డు పడాల్సింది డ్రమ్ము లోపల కాదు, టబ్బుకీ బయటి బాడీకీ మధ్య. పై మూత తీసి ఆ ఖాళీలో స్పాంజి ముక్కలో మడిచిన దుప్పట్లో వైర్లకు తగలకుండా సర్దితే కొంత నయం. బోల్టులకు ఇది సాటి రాదు గానీ దగ్గరి దూరాలకు గట్టెక్కిస్తుంది.

బోల్టుల కన్నా ముందు నీళ్ల పని పూర్తవ్వాలి. బట్టలు తీసేశాక మెషీన్ ఖాళీ అయిపోయిందనుకుంటాం. పంపులో, గొట్టాల్లో, టబ్బు అడుగున ఇంకా నీళ్లు మిగిలే ఉంటాయి. మెషీన్‌ను వంచినప్పుడు అవి మోటారు మీదకో సర్క్యూట్ బోర్డు మీదకో పోతాయి. కుళాయి కట్టేసి ఒకసారి ఖాళీగా డ్రెయిన్, స్పిన్ పెట్టాలి. నీళ్లొచ్చే పైపు విప్పి బకెట్లో వంచాలి. మురుగునీళ్ల పైపును బకెట్లోకి దించాలి. చివరగా ముందువైపు కింద చిన్న మూత చాటున ఉండే ఫిల్టరును లోతు తక్కువ పళ్లెం పెట్టి నెమ్మదిగా తిప్పి తీయాలి. నీళ్లతో పాటు చిల్లర నాణేలు, పిన్నులు, ఒక్కోసారి ఎప్పుడో పోయిన చెవిదుద్దు కూడా బయటపడతాయి. చివరి ఉతుకు రెండు రోజుల ముందే ముగించి తలుపు తెరిచి ఆరనిస్తే రబ్బరు అంచుల్లో తడి ఉండదు.

టాప్ లోడ్‌లో లెక్క వేరు. అక్కడ టబ్బు నాలుగు మూలల నుంచి నాలుగు కడ్డీల మీద వేలాడుతుంది. కొన్నప్పుడు దాని కింద వచ్చిన థర్మోకోల్ దిమ్మ దొరికితే మళ్లీ అడుగున పెట్టి, టబ్బు చుట్టూ ఖాళీలో మెత్తటివి కూరి, మూత ఎగరకుండా అంటిస్తే సరిపోతుంది. సెమీ ఆటోమేటిక్‌కు నీళ్లు వంచేయడం తప్ప పెద్దగా శ్రమ లేదు.

ఏసీ: గ్యాస్‌ను లోపలే దాచే పద్ధతి

స్ప్లిట్ ఏసీ కొన్నప్పుడు గ్యాస్ ఎక్కడుంటుంది? బయట పెట్టే యూనిట్‌లోనే, వాల్వులు మూసి, నిండుగా ఉంటుంది. లోపలి యూనిట్‌ను రాగి పైపులతో కలిపి, పైపుల్లోని గాలిని తీసేసి, వాల్వులు తెరిచాక అది రెండు వైపులా తిరగడం మొదలుపెడుతుంది. ఏసీ విప్పేటప్పుడు చేయాల్సింది దీనికి సరిగ్గా తలకిందుల పని. దాన్నే పంప్ డౌన్ అంటారు. ఏసీని కూలింగ్‌లో నడుపుతూ ముందు సన్న పైపు వాల్వును మూస్తారు. గ్యాస్ బయటి యూనిట్‌లోంచి లోపలికి వెళ్లే దారి ఆగిపోతుంది. లోపలున్న గ్యాస్‌ను మాత్రం కంప్రెసర్ లాక్కుంటూనే ఉంటుంది. కాసేపటికి ఇండోర్ యూనిట్, పైపులు దాదాపు ఖాళీ అవుతాయి. అప్పుడు లావు పైపు వాల్వును కూడా మూసి వెంటనే ఏసీ ఆపేస్తారు. గ్యాస్ అంతా ఔట్‌డోర్ యూనిట్‌లో భద్రంగా ఉండిపోతుంది. కొత్త ఇంట్లో మళ్లీ గ్యాస్ కొనాల్సిన పని ఉండదు.

ఇక్కడ ఎవరూ ముందు ఊహించని చిక్కు ఒకటుంది. పంప్ డౌన్ చేయాలంటే ఏసీ నడవాలి, నడవాలంటే కరెంటు ఉండాలి. కనెక్షన్ తీసేయించాకో, స్టెబిలైజర్ విప్పి పెట్టెలో పెట్టాకో మెకానిక్ వస్తే గ్యాస్‌ను లాగే దారి ఉండదు. లారీ వచ్చే రోజు కాకుండా ఒకటి రెండు రోజుల ముందే మెకానిక్‌ను పిలవాలనడం అందుకే. ఏసీ ముందే చెడిపోయి ఉంటే గ్యాస్‌ను సిలిండర్‌లోకి లాగే రికవరీ మెషీన్ తెచ్చేవాళ్లనే పిలవాలి.

నట్టు వదులు చేసి గ్యాస్‌ను గాల్లోకి వదిలేయడం చాలా తేలిక. కాసేపట్లో పని ముగుస్తుంది. కొందరు అలాగే చేసేస్తారు కూడా. దీనివల్ల పోయేది ఇంటివాళ్ల డబ్బు మాత్రమే కాదు. పాత ఏసీల్లోని ఆర్22 అనే గ్యాస్ ఓజోన్ పొరను తినేస్తుంది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో మొదలై దాన్ని దశలవారీగా తప్పిస్తూ వస్తున్నది అందుకే. తర్వాత వచ్చిన ఆర్410ఏ, ఆర్32 గ్యాస్‌లు ఓజోన్ జోలికి పోవు గానీ భూమిని వేడెక్కిస్తాయి. ఒక కిలో ఆర్410ఏ వందేళ్ల లెక్కన దాదాపు 2,000 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆర్32 అయితే 675 కిలోలతో సమానం. వీటిని తగ్గించడానికే 2016లో కిగాలీలో ఆ ఒప్పందానికి సవరణ చేశారు. ఆర్32కు కొంచెం మండే గుణం కూడా ఉంది. మూసి ఉన్న గదిలో దాన్ని వదిలేయడం ఎటు చూసినా తప్పే.

పద్ధతి తెలిసింది కదా అని సొంతంగా పానా పట్టుకోవడం మాత్రం వద్దు. వాల్వు సరిగ్గా మూయకుండానో, పైపు ఊడి ఉండగానో కంప్రెసర్ నడిస్తే అది గాలిని లోపలికి లాక్కుంటుంది. గాలి, నూనె కలిసి అంత ఒత్తిడిలో వేడెక్కితే కంప్రెసర్ పేలిపోయే ప్రమాదం ఉంది. ఇంటివాళ్లు చేయాల్సింది దగ్గరుండి చూడటం. పైపులు విప్పిన వెంటనే వాటి మూతులకు, యూనిట్ల మూతులకు మూతలు బిగిస్తున్నారా? ఆర్410ఏ, ఆర్32 ఏసీల్లో వాడే నూనె గాల్లోని తేమను పీల్చుకుంటుంది. తేమ కలిసిన నూనె లోపల ఆమ్లంగా మారి మోటారు చుట్టలను తింటుంది. ఒక వర్షాకాలం రాత్రి మూతులు తెరిచి వదిలేస్తే ఆ సంగతి అప్పుడే తెలియదు, ఏడాదికో రెండేళ్లకో కంప్రెసర్ పోయాక ఎవరికీ గుర్తుండదు.

రాగి పైపును కూడా జాగ్రత్తగా చూడాలి. రాగిని వంచిన కొద్దీ గట్టిపడుతుంది. ఒకచోటే వంచి, మళ్లీ సాపు చేసి, మళ్లీ వంచితే అక్కడ మడత పడుతుంది లేదా చీలుతుంది. పెద్ద చుట్టగా వెడల్పుగా చుట్టుకుని తీసుకెళ్లాలి. కొత్త చోట బిగించేటప్పుడు పాత పైపు చివరలు కోసి కొత్తగా ఫ్లేరింగ్ చేయించుకోవాలి, అంటే నట్టులో గట్టిగా కూర్చునేలా చివరను గరాటులా విప్పించాలి. వాల్వులు తెరిచే ముందు పైపుల్లోని గాలిని, తేమను లాగేసే వాక్యూమ్ పంపు పెట్టమని పట్టుబట్టాలి. "కొంచెం గ్యాస్ వదిలితే గాలి అదే పోతుంది" అనే మాట వినిపిస్తే ఆ మెకానిక్ దగ్గర పంపు లేదని అర్థం. గాలి పోవచ్చు గానీ తేమ అలా పోదు. ఔట్‌డోర్ యూనిట్‌లోనూ కంప్రెసర్, నూనె ఉన్నాయి కాబట్టి అది ప్రయాణమంతా నిలబడే ఉండాలి.

విండో ఏసీకి ఈ గొడవ లేదు. దాని గ్యాస్ దారి మొత్తం ఒకే పెట్టెలో మూసి ఉంటుంది. అడుగు పళ్లెంలోని నీళ్లు వంచి నిటారుగా మోస్తే చాలు.

మిగతా యంత్రాలు

టీవీకి పారేదీ లేదు, ఊగేదీ లేదు. దాని బలహీనత పల్చటి గాజు. పెద్ద టీవీని పడుకోబెడితే దాని బరువు దానికే భారమై మధ్యలో వంగుతుంది. పైన ఎవరైనా ఏదైనా పెడితే పగులు రావచ్చు. ఇద్దరు మనుషులు అడుగునా పక్కలా పట్టుకుని నిలబెట్టే మోయాలి, తెర మీద వేళ్లు నొక్కకూడదు. మైక్రోవేవ్‌లో గాజు పళ్లెం తీసి వేరుగా చుట్టాలి. చాలా ఓవెన్లలో బరువైన ట్రాన్స్‌ఫార్మర్ బటన్లున్న వైపు ఉంటుంది, రెండు వైపులా సమానమనుకుని ఎత్తితే చేతిలోంచి ఒరిగిపోతుంది.

గీజర్‌లో 15 లీటర్ల నీళ్లుంటే 15 కిలోల అదనపు బరువు గోడకు వేలాడుతున్నట్టే. కరెంటు ఆపి, నీళ్లు చల్లారనిచ్చి, పూర్తిగా వంచాకే విప్పించాలి. కొత్త ఇంట్లో వేడినీళ్ల కుళాయిలోంచి నీళ్లు ధారగా వచ్చేదాకా స్విచ్ వేయకూడదు. ఖాళీ ట్యాంకులో హీటర్ కాయిల్ చూస్తుండగానే కాలిపోతుంది. డిష్‌వాషర్‌లో అడుగు నీళ్లతో పాటు ఉప్పు అరలోని ఉప్పునీళ్లు కూడా తీయాలి. ఇన్వర్టర్ బ్యాటరీ బరువు యాభై కిలోలు దాటొచ్చు, లోపల ఉండేది ఆమ్లం. ఎట్టి పరిస్థితిలోనూ వంచకుండా, టెర్మినళ్లు రెండిటికీ తొడుగు వేసి తీసుకెళ్లాలి. గ్యాస్ సిలిండర్ సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు: మూసిన లారీలో సామాన్ల మధ్య దానికి చోటు లేదు.

మెట్లు, తలుపులు, లారీ

కొత్త ఇంటి తలుపు వెడల్పు కొలవడం అందరికీ గుర్తుంటుంది. మూల నుంచి మూలకు ఉండే కొలత గుర్తుండదు. 170 సెంటీమీటర్ల ఎత్తు, 70 సెంటీమీటర్ల లోతు ఉన్న ఫ్రిజ్‌ను వాల్చి తీసుకెళ్లి నిలబెట్టాలంటే, మధ్యలో ఒక క్షణం దానికి మూల నుంచి మూలకు దాదాపు 184 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. 175 సెంటీమీటర్ల ఎత్తున్న మూసిన వ్యాన్‌లో అది నిలబడగలదు గానీ, వాల్చి ఎక్కించాక లోపల నిలబెట్టడం కుదరదు. "సరిపోతుందనే తెచ్చాం" అంటూ చివరికి పడుకోబెట్టేసే సందర్భాలు చాలావరకు ఈ తేడా దగ్గరే వస్తాయి. మెట్ల మలుపులకూ, లిఫ్టుకూ ఇదే లెక్క. పెద్ద ఫ్రిజ్‌లకు తలుపులు విప్పే వీలుంటుంది, దానితో లోతు చాలా తగ్గుతుంది.

లారీలో బరువైనవి డ్రైవర్ క్యాబిన్ గోడకు ఆనించి, నిలబెట్టి, బెల్టులతో కట్టాలి. వెనక చక్రాలు దాటిన చివరి భాగమే గతుకుల్లో ఎక్కువగా ఎగురుతుంది. ముందు ఖాళీ చేసుకోవచ్చన్న ఉద్దేశంతో ఫ్రిజ్‌ను చివర్లో ఎక్కిస్తే దానికి దక్కేది ఆ చోటే.

అన్నీ మోసుకెళ్లి తీరాలన్న నియమం కూడా లేదు. పదేళ్లు దాటిన ఏసీని విప్పి, మోసి, కొత్త పైపులతో బిగించి, అది అక్కడ మొరాయిస్తే రిపేరు చేయించే ఖర్చంతా ఒకచోట రాసి చూస్తే కొన్నిసార్లు అమ్మేయడమే లాభం. పాత సెమీ ఆటోమేటిక్ మెషీన్‌కైతే ఆ లెక్క ఇంకా త్వరగా తేలిపోతుంది.

కొత్త ఇంట్లో ముందు చూడాల్సింది ప్లగ్గులు. ఏసీ, గీజర్, ఫ్రంట్ లోడ్ మెషీన్‌కు పెద్ద సాకెట్, సరైన ఎర్తింగ్ ఉన్నాయో లేదో సామాన్లు దిగేముందే తేల్చుకోవాలి. ఫ్రిజ్‌ను దాని చోట నిలబెట్టి, గడియారం చూసి, ప్లగ్గు పెట్టకుండా వదిలేయాలి. ఎవరో ఒకరు ఉత్సాహంగా స్విచ్ వేయకుండా ప్లగ్గు మీద ఒక కాగితం అంటించడం చాదస్తంలా కనిపించినా పనికొస్తుంది. స్విచ్ వేశాక కొన్ని గంటలు ఖాళీగా నడిపి, లోపల చల్లబడిందని చూసుకున్నాకే సర్దాలి.

వాషింగ్ మెషీన్ దగ్గర మొదటి పని పైపులు కాదు, ట్రాన్సిట్ బోల్టులు తీయడం. అవి బిగించి ఉండగానే స్పిన్ వేస్తే మెషీన్ మొత్తం గది మధ్యలోకి నడిచొస్తుంది, లోపలి భాగాలు దెబ్బతినవచ్చు. తీశాక కాళ్లు తిప్పుతూ నాలుగూ నేలకు ఆనేలా సరిచేసి, లాక్ నట్లు బిగించి, మొదటి ఉతుకు బట్టలు లేకుండా పెట్టి పైపుల దగ్గర నీళ్లు కారడం లేదని చూసుకోవాలి. బోల్టులను ఈసారి సొరుగులో వేయకుండా ఒక గట్టి కవర్లో పెట్టి, మెషీన్ వెనకే టేపుతో అంటిస్తే మళ్లీ ఇల్లు మారేటప్పుడు వెతుకులాట ఉండదు.